నోరు దాటని చక్కెర

మూడో రోజు కూడా షెకెర్ నోరు విప్పలేదు.

పొద్దున్నే లేచి పెరడు ఊడ్చింది. టీ కాచింది. బాలింత కోడలి పక్కన రొట్టె, వెన్న, గిన్నె నిండా వేడి మాంసం చారు పెట్టింది. గిన్నె కింద పెడుతున్నప్పుడు చప్పుడు కూడా కానివ్వలేదు. పెట్టేసి, ఉయ్యాల వైపు కన్నెత్తి చూడకుండా బయటికి నడిచింది.

అత్తగారు నాలుగు తిట్టినా బాగుండేదని బేగాయిం అనుకుంది. షెకెర్ నోరంటే ఆ వీధంతా దడ. గొర్రెల బేరగాళ్లు ఆమె గుమ్మం ముందు ధర చెప్పాలంటే ఒకసారి గొంతు సవరించుకుంటారు. అలాంటి మనిషికి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఇంట్లో గాలి కూడా బిగదీసుకుపోయింది.

పాప పుట్టి ఆరు రోజులు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి మూడు రోజులు. వచ్చిన పూటే ఫోన్ మోగింది. బేగాయిం భర్త కుబాత్ అక్క అనిపా ఎత్తి, అందరికీ వినపడేలా పెట్టింది. పుట్టగానే బొడ్డుతాడులోంచి తీసి పరీక్ష చేసిన నెత్తురు బాగా పులిసినట్టు రిజిస్టర్లో ఉందట. కాన్పులో బిడ్డకు ఊపిరి అందలేదేమోనని పెద్ద డాక్టరు అనుమానమట. శనివారం మధ్యాహ్నం బండి పంపిస్తారట, తల్లీబిడ్డల్ని కనుమ దాటించి రాజధానిలోని పెద్దాస్పత్రికి తీసుకెళ్తారట.

'నెత్తురు పులిసింది' అన్న మాట వినపడగానే, పాపను ఎత్తుకుని ఉన్న షెకెర్ అక్కడికక్కడే ఆగిపోయింది. మెల్లగా వచ్చి పాపను కోడలి ఒళ్లో పెట్టింది. అప్పటి నుంచి పాపను ముట్టుకోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇవాళ శనివారం.

పదింటికల్లా అనిపా వచ్చేసింది. రెండిళ్ల అవతలే ఉంటుంది. పెళ్లయిన పదకొండేళ్లకు కడుపు పండి, ఏడో నెల నడుస్తోంది. ముందు పొట్ట గుమ్మం దాటింది, తర్వాత అనిపా దాటింది. దాటుతూనే గోడవారనున్న ఖాళీ సంచీ మీద కళ్లు పడ్డాయి.

"గుడ్డలు సర్దలేదా?"

"లేదు ఎజె," అంది బేగాయిం, ఆడపడుచును అక్కా అని పిలిచే ఆ ఊరి మాటలో.

"ఎప్పుడు సర్దుతావు? బండి వచ్చి హారన్ కొట్టాకా?"

బేగాయిం పాప వైపు తిరిగి పడుకుంది. అనిపా తనే సంచీ తెరిచి పొత్తిగుడ్డలు మడతపెట్టసాగింది. చేతులతో పాటు నోరూ ఆడుతోంది. వీధిలో ఎవరెవరు ఏమేమి అడిగారో, తను ఎవరి ముందు ఎంత తలదించుకోవలసి వచ్చిందో అంతా చెప్పింది. బేగాయిం ఊఁ కొట్టకపోయేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"నాలుగేళ్ల నుంచి ఊళ్లోవాళ్ల పిల్లల నెత్తురంతా ఆ మిషన్లో పోసి చూస్తున్నావు కదా. సొంత పిల్లది పులిసిపోతుంటే తెలీలేదా నీకు?"

బేగాయిం అదే ఆస్పత్రిలో ల్యాబ్ పని చేస్తుంది. నెత్తుట్లో గాలీ పులుపూ కొలిచే బ్లడ్ గ్యాస్ మిషన్ ఆమె చేతి కింద ఉంటుంది. తొమ్మిదో నెల వచ్చేదాకా దాని ముందు నిలబడే ఉంది. అలా నిలబడినందుకే ఇలా అయిందా అని మూడు రోజులుగా లోలోపల కుమిలిపోతోంది. ఆ మాట అనిపా నోట రానే వచ్చింది.

"అమ్మ పదకొండు మందికి బొడ్డు కోసింది. ఒక్కళ్లకి పడిశం కూడా పట్టలేదు. పన్నెండోదానికే ఇలా అయింది. తప్పు కోసిన చేతిదా, మోసిన కడుపుదా? నువ్వే చెప్పు."

"పాపకి ఏమీ కాలేదు ఎజె. పుట్టగానే కేరుమంది. పాలు తాగుతోంది. చూడండి, ఎంత ఎర్రగా ఉందో."

"మరి వెళ్లడానికి నీకేం నొప్పి?"

"నాకు తెలుసు అక్కడేం చేస్తారో. పాపని గాజు గదిలో పెట్టి నన్ను బయట బెంచీ మీద కూర్చోబెడతారు. పూటకోసారి పాలు పిండి ఇమ్మంటారు. ఊపిరందని పిల్ల అని కాగితం మీద రాస్తారు. ఆ ఒక్క మాట పడిందంటే బడికెళ్లేదాకా వదలదు. నడక పది రోజులు ఆలస్యమైతే సూది. మాట రాకపోతే సూది. తుమ్మితే సూది. ఇక్కడ అలాంటి పిల్లల్ని ఎంతమందిని చూళ్లేదు నేను?"

అనిపా మడతపెడుతున్న గుడ్డను ఒళ్లో పెట్టుకుంది. ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"నిజంగానే ఊపిరి అందకపోయి ఉంటే?"

బేగాయిం రోజుకు వందసార్లు తనకు తాను వేసుకుంటున్న ప్రశ్న అది. ఇప్పుడు తీసిన నెత్తురు బాగానే ఉంటుంది. ఆ పొద్దున ఆ కొన్ని నిమిషాల్లో ఏం జరిగిందన్నది ఇప్పటి నెత్తురు చెప్పదు. పుట్టగానే కోసి ల్యాబ్‌కి పంపిన బొడ్డుతాడు ముక్క ఒక్కటే చెప్పాలి. అది చెప్పేసింది. ఆరు పాయింట్ తొమ్మిది ఆరు. పుట్టిన పిల్లలకు ఏడుకు పైన, ఏడుంపావు దగ్గర తిరగవలసిన అంకె ఏడు కిందికి దిగిపోయింది. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ.

కొండమీద రోడ్డు పనిలో ఉన్న కుబాత్ ఫోన్ చేశాడు. మాట సగం వినపడి సగం గాలికి పోతోంది. డాక్టర్ల మాట కాదనడానికి మనమెవరమన్నాడు. తను సాయంత్రానికి కనుమ దగ్గర బండిని కలుసుకుంటానన్నాడు. చివరికి అమ్మకివ్వమన్నాడు. అనిపా ఫోన్ తీసుకెళ్లి పెరట్లో ఉన్న తల్లి చెవి దగ్గర పెట్టింది. షెకెర్ అంతా విని, ఫోన్ తిప్పి కూతురి చేతిలో పెట్టేసింది. అమ్మ అసలు ఉందా అని అవతల కుబాత్ అడుగుతూనే ఉన్నాడు.

అనిపా గుమ్మంలో నిలబడి, తల్లి వైపు చూసి, మరదలి వైపు చూసి, కళ్లు తుడుచుకుంది. దారికి రొట్టెలు కాలుస్తానని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. పాపకు ఆకలేసింది. పాలు తాగుతూ మధ్యమధ్య మరిచిపోయి, మళ్లీ గుర్తు తెచ్చుకుని తాగుతోంది. కిటికీలోంచి పాప్లార్ చెట్ల దూది లోపలికి వస్తోంది. జూన్ మొదట్లో నారిన్ ఊరంతా ఆ తెల్లటి దూదే. ఎవరూ పిలవకుండా వచ్చి, ఎక్కడ వాలాలో తేల్చుకోలేక గదిలో తిరుగుతుంది. దూరంగా ఏటి హోరు. ఒక దూదిపింజ పాప కనురెప్ప దగ్గరికొచ్చి, పాప ఊపిరికే పైకి లేచి పక్కకు తప్పుకుంది. బేగాయిం దాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆరు రోజులుగా ఆమెకు నిద్రకూ మెలకువకూ మధ్య తలుపు లేదు. పాలు చేపుకొచ్చినప్పుడల్లా కళ్లు వాటంతట అవే మూతపడతాయి. మూతపడగానే ఒకటే కల. తెల్లని చిన్న చేప ఒకటి. రెండు పక్కలా వెండి ముక్కుపుల్లల్లాంటివి మెరుస్తుంటాయి. ఎర్ర మఖమల్ నీళ్లు. చేప ఆ ఎర్ర నీళ్లలోకి మెల్లగా జారుకుంటుంది. ఎక్కడో ఎవరో గొంతు లోపలే ఏదో పాడుకుంటూ ఉంటారు. వేలి చివర వెన్న మెరుస్తుంది. ఆ చేప ఎక్కడికి పోయిందా అని వెతికేలోపు మెలకువ వచ్చేస్తుంది.

ఇప్పుడూ అలాగే మెలకువ వచ్చింది. పాప నిద్రపోయింది. పక్కన అనిపా సగం సర్దిన సంచీ, దాని మీద ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితాల కవరు.

ఆ కవరు మూడు రోజులుగా తన కళ్ల ముందే ఉంది. తీసి చూడలేదు. నాలుగేళ్లలో ఎన్ని వందల చీటీలు చదివిందో లెక్క లేదు. ఈ ఒక్క చీటీని మాత్రం ముట్టుకోలేకపోయింది. కానీ ఇంకో గంటకో రెండు గంటలకో బండి వస్తుంది. గాజు గదిలో పాపను పెట్టాక చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే. ఇది ఎవరి పిల్లో నాకు తెలీదు అనుకుని, కవరు విప్పి, మిషన్ చీటీ బయటికి తీసింది.

పులుపు అంకె ఫోన్లో చెప్పినదే. దాని కిందిది చూసింది. ఇంకా కిందిది చూసింది. గ్లూకోజ్ దగ్గర చూపు ఆగింది. ఒకటికి తక్కువ.

పాప పుట్టిన గంటలోపే మడమ గుచ్చి చూసిన కాగితం అదే కవర్లో ఉంది. అందులో నాలుగుకు దగ్గర. ఒకే పిల్ల, ఒకే పొద్దున. తాడులో లేనిది గంటకల్లా ఒంట్లోకి ఎక్కడినుంచి వస్తుంది? ఇంకా పాలచుక్క కూడా తాగలేదే.

చీటీ మీద మిషన్ తనంతట తను అచ్చువేసే టైం చూసింది. పదకొండు దాటి రెండు నిమిషాలు. పాప పుట్టింది ఆరూ పదికి.

బేగాయిం ఆ రెండు టైంల మధ్య గంటలు వేళ్ల మీద లెక్కపెట్టింది. ల్యాబ్‌లో తన పక్కన పనిచేసే పిల్లకు తను ఎన్నిసార్లు చెప్పింది, తాడు ముక్క వస్తే టీ తాగడం కూడా ఆపి ముందు దాన్ని చూడమని. గంట దాటితే అందులోని నెత్తురు తన తిండి తను తినడం మొదలుపెడుతుంది, తిన్నకొద్దీ పులుస్తుంది. ఐదు గంటలు ఎక్కడుంది ఆ ముక్క? ఐదు గంటలు బల్ల మీద చల్లగా ఉన్నా ఇంతగా పులవదు. వెచ్చగా ఉండాలి.

కిటికీలోంచి పెరటి వంటపాక కనపడుతోంది. పాకలో గుంజకు వేలాడుతున్న పొగ పట్టిన తోలు సంచి. షెకెర్ దాని ముందు కూర్చుని ఉంది. గుర్రప్పాలు అందులో పోసి, కవ్వంతో వేలసార్లు చిలికి, సంచికి శాలువా చుట్టి వెచ్చగా ఉంచి పులియబెట్టడంలో షెకెర్‌ను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆమె చెయ్యి తగిలితే చాలు, ఆ పులిసిన గుర్రప్పాల కుమిజ్ పొంగుతుందంటారు. అలాంటి మనిషి మూడు రోజులుగా కవ్వం ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తనవి కానట్టు వాటినే చూసుకుంటోంది. ఒంటిమీద ఎప్పుడూ వేసుకునే చేతుల్లేని కోటు. ఎర్ర మఖమల్‌ది.

బేగాయిం లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ఆ కోటునే చూసింది. అది కల కాదు, కాన్పయ్యాక మగతలో చూసినదే. చేప కాదు, తాడు ముక్క. వెండి ముక్కుపుల్లలు కావు, తాడుకు రెండు వైపులా పెట్టిన క్లిప్పులు.

బండి చెప్పిన టైం కంటే ముందే వచ్చింది. అందులోంచి రైకాన్ దిగింది. పిల్లల డాక్టరు, అరవై దాటిన మనిషి, నడుం నొప్పికి తోలు పట్టీ బిగించుకుని తిరుగుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లతో పిల్లను పంపడం ఇష్టంలేక తనే వచ్చానంది. ఉయ్యాల మీదికి వంగి పాప అరికాలు గోకింది. పాప కాలు ముడుచుకుని మూలిగింది. రైకాన్ మొహంలో సంతోషం, వెంటనే దిగులు. ఊళ్లో పెద్దవాళ్లందరిలాగే ఆమె కూడా బేగాయింను కెలిన్, అంటే కోడలా అనే పిలుస్తుంది.

"దీని ఏడుపు నేను విన్నాను కెలిన్. ఊపిరికీ ఒంటి రంగుకీ కలిపి పదికి తొమ్మిది మార్కులు నా చేత్తో నేనే వేశాను. కానీ పెద్ద డాక్టరు ముందు అంకె ఉంది. నా చెవులు ఎవడికి కావాలి?"

ఆ రిజిస్టరు రైకాన్‌దే. తన దగ్గరున్న పుస్తకాల్లో అంకెలన్నీ పల్లపు ఊళ్లలో పుట్టిన పిల్లలవని, ఇంత ఎత్తులో, ఇంత పలచని గాలిలో పుట్టిన ఆరోగ్యమైన పిల్ల నెత్తురు ఎలా ఉంటుందో ముందు తెలుసుకోవాలని ఆమె పట్టుదల. జబ్బు పిల్లలది కాదు, కేరుమని ఏడ్చే పిల్లల నెత్తురు మూడేళ్లుగా రాస్తోంది. ఈ పాపది రెండు వందల పన్నెండో వరస. కాన్పు గదిలోకి బొడ్డుతల్లుల్ని రానివ్వమని పెద్ద డాక్టరుతో రెండేళ్లు పోట్లాడి ఒప్పించింది కూడా ఆమే. మా ఊళ్లో బిడ్డకు బొడ్డు కోసే మనిషి పోలిక వస్తుంది, ఆ మనిషిని గుమ్మం బయట నిలబెట్టడానికి మనమెవరమని వాదించింది.

బేగాయిం చీటీ ఆమె చేతిలో పెట్టింది. రైకాన్ కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటోంది. వంటింట్లోంచి పిండి చేతులతో అనిపా వచ్చింది. ఇద్దరూ గుసగుసలాడుకుంటే అనిపాకు ప్రాణం నిలవదు.

"ఏంటది? మాకూ అర్థమయ్యేలా చెప్పు."

"నెత్తురు తాడు ముక్కలోనే పులిసింది ఎజె, పాపలో కాదు. ఐదు గంటలు ఎక్కడో వెచ్చగా ఉండిపోయింది. అందులో ఉన్నదంతా తినేసింది."

"ఏం తినేసింది? ఎవరు తినేశారు?"

బేగాయిం ఆగింది. ఆ ఊరి మాటలో చక్కెరను షెకెర్ అంటారు. అత్తగారి పేరు షెకెర్. కెలిన్ అన్నది అత్తింటి పెద్దల పేరు పలకదు, ఆ పేరున్న వస్తువు పేరూ పలకదు. కాపురానికొచ్చిన మొదటి వారంలోనే షెకెర్ కూర్చోబెట్టి చెప్పింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో బేగాయిం నోట చక్కెర రాలేదు. 'తెల్లపొడి' అంటుంది. ఒకసారి కొట్టుకెళ్లి కిలో తెల్లపొడి అడిగితే వాడు బట్టలుతికే సోడా కట్టిచ్చాడు. ఆ పూట టీ తాగినవాళ్లంతా ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ల్యాబ్‌లో అయితే ఇబ్బంది లేదు, మిషన్ మాట ఒకటుంది.

"గ్లూకోజ్."

"అంటే?"

"అదే ఎజె, తెల్లపొడి."

"నెత్తుర్లో సోడా ఏంటే నీ మొహం. పాపకి ఏమైందో సరిగ్గా చెప్పు ముందు."

నిద్ర లేదు, బండి గుమ్మంలో ఉంది, మూడు రోజుల బెంగ గొంతు దాకా వచ్చి ఉంది. బేగాయిం ఇక ఓర్చుకోలేకపోయింది.

"షెకెర్," అంది గట్టిగా. "షెకెర్, షెకెర్."

"ఆఁ," అని గుమ్మంలోంచి జవాబు వచ్చింది.

ముగ్గురూ అటు తిరిగారు. షెకెర్ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. మూడు రోజులు వాడని గొంతు బొంగురుపోయి ఉంది.

"పిలిచావుగా," అంది కోడలితో. "తెలిసిపోయిందా నీకు?"

బేగాయిం పేరు పలికిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షెకెర్ లోపలికొచ్చి ఉయ్యాలకు రెండడుగుల దూరంలో ఆగింది, అంతకన్నా దగ్గరికి రాలేదు.

"నేనే తీశాను డాక్టరమ్మా. పళ్లెంలో పెట్టి ఎవరి దారిన వాళ్లు పోయారు. పిల్ల నోటికి వెన్న తగలకముందు తాడు పరాయి చేతికి పోకూడదు. మా వంశంలో పట్టింపు అది. కోటు లోపల రొమ్ము దగ్గర పెట్టుకున్నాను. మీ నర్సమ్మ కాపలా కుక్కలా కూర్చుంది, వెన్న రాయనిస్తేగా. అది అటు తిరిగేసరికి పదిన్నరయింది. వెన్న రాశాను, ముక్క తీసి మీ పళ్లెంలో ఎక్కడిదక్కడ పెట్టేశాను. దొంగతనం చెయ్యలేదు."

చేతులు ముందుకు చాపి చూపించింది.

"ఇది పులుపు చెయ్యి. ఏం ముట్టుకున్నా పులుస్తుందని ఊరంతా అంటారు. ఇన్నాళ్లూ గొప్పనుకున్నాను. పిల్ల నెత్తురు కూడా పులుస్తుందని నాకెవరు చెప్పారు? మళ్లీ ముట్టుకుంటే ఇంకా ఏమవుతుందో."

ఆ మాటతో మూడు రోజుల మౌనానికి అర్థం బేగాయింకు తెలిసింది. అత్తగారు తనను అసహ్యించుకుంటోందని తను మొహం గోడకు తిప్పి ఏడ్చింది. అటు ఆమె తన చేతులకే భయపడి పెరట్లో కూర్చుని ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరూ అదే తప్పును ఎవరికి వాళ్లు మోశారు. ఆ ముసలి మనిషి మీద జాలీ ప్రేమా రెండూ ఒక్కసారే పొంగాయి. కన్నతల్లిని పిలిచినట్టు పిలిచింది.

"అపా, మీ సంచిలో పాలు పులిస్తే గుర్రం పులుస్తుందా?"

షెకెర్ కోడలి వైపు చూసింది. ఆ ప్రశ్నను లోపల కవ్వం పెట్టి చిలుకుతున్నట్టు చాలాసేపు కదలకుండా నిలబడింది.

"పులవదు," అంది చివరికి.

"అంతే. ముక్కలో నెత్తురు మీ ఒంటి వేడికి పులిసింది. పాప అప్పటికే వేరయింది. పాపలో ఏమీ పులవలేదు."

షెకెర్ అక్కడే కింద కూర్చుండిపోయింది. తలగుడ్డ అంచుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. దూదిపింజ ఒకటి వచ్చి ఆమె తలగుడ్డ మీద వాలింది.

రైకాన్ కళ్లజోడు దొరికింది. చీటీ రెండుసార్లు చదివింది. టైం మీద వేలు పెట్టి, తనను తాను తిట్టుకుంది. సంతోషం ఆపుకోలేక పాప పాదం ముద్దు పెట్టుకుంది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, సంచిలోంచి కాగితం, కలం తీసింది. అప్పటికి ఆమె మొహంలో వెలుగు తగ్గింది.

"ఇది రాసివ్వాలి. రాసిస్తే బండి ఖాళీగా వెళ్తుంది. కానీ బామ్మ మాట ఒక్కటే రాస్తే పెద్ద డాక్టరు నమ్మడు. మనవరాలి కోసం కట్టుకథ అల్లిందంటాడు. చూసినవాళ్లు చెప్పాలి. ల్యాబ్ మనిషివి, నీ మాటకైతే విలువుంది. చూశావా కెలిన్?"

"చూశాను. కల అనుకున్నాను."

"అయితే ముక్క ఎవరు తీశారో నీ నోటితో పేరు పెట్టి చెప్పు, నీ మాటగా రాస్తాను. ఒక ముసలావిడ అంటే కుదరదు." కలం మూత తీసి ఆగింది. "ఇంకో సంగతి కూడా వినండి. ఈ కాగితం చూసిన మర్నాడే ఆయన కాన్పు గది తలుపు మూసేస్తాడు. మళ్లీ ఏ బొడ్డుతల్లినీ లోపలికి రానివ్వడు. నేను ఆపలేను."

అంతసేపూ గోడకు ఆనుకుని ఉన్న అనిపా కదిలింది. మంచం దగ్గరికొచ్చి, పిండి అంటిన అరచెయ్యి ఆ తెల్ల కాగితం మీద పెట్టింది.

"రాయకండి."

"అనిపా," అంది తల్లి.

"ఆగస్టులో నాకు ఎవరు కోస్తారు? పదకొండేళ్లు చూశానమ్మా. నీ చెయ్యి కోసమే ఇన్ని నెలలూ లెక్కపెట్టుకుంటున్నాను. పాపకి ఏమీ లేదని తెలిసిందిగా. నాలుగు రోజులు అక్కడ ఉండొస్తే ఏం పోతుంది?"

నాలుగు రోజులు కావని, ఏళ్లని, ఆ గదిలో అందరికీ తెలుసు. అనిపాకూ తెలుసు. ఆమె కళ్లు పాప మీద లేవు, కావాలనే పక్కకు తిప్పుకుంది. బయట డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు.

షెకెర్ లేచింది. కూతురి పొట్ట వైపు చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత ఉయ్యాల దగ్గరికి నడిచి, వంగి, రెండు చేతులూ పాప కిందికి పోనిచ్చి పైకి ఎత్తుకుంది. ఎర్ర మఖమల్ మీద పాప తల సర్దుకుని, నోరు చప్పరించి, నిద్ర కొనసాగించింది.

"కెలిన్, నా పేరు చెప్పు," అంది షెకెర్. "డాక్టరమ్మ రాసుకుంటుంది."

బేగాయిం అనిపా చేతిని చూసింది. వేళ్ల సందుల్లో పిండి ఎండి తెల్లబడుతోంది. ఆ చెయ్యి తన పాపకు ఈ మూడు రోజులూ ఎన్నిసార్లు గుడ్డలు మార్చిందో గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చిన పేరును సగంలోనే మింగేసింది.

"సరిగ్గా పలుకు," అంది అత్తగారు, కూతురి వైపు చూడకుండా. "రెండేళ్లు తెల్లపొడి అన్నావు. ఇవాళ అలా అంటే కుదరదు."

"షెకెర్," అంది బేగాయిం.

ఈసారి ఆ మాటకు చక్కెర అని అర్థం కాదు. రైకాన్ కలం కాగితానికి ఆనించబోయి ఆగింది. అనిపా చెయ్యి ఇంకా కాగితం మీదే ఉంది.